మందు వేళ: పరగడుపు నుంచి పడక దాకా



ఇన్నాళ్లూ మన వలసల గురించి, గుళ్ల గురించి, ఇంటిపేర్ల గురించి రాసుకుంటూ వచ్చాం. ఈసారి మన ఇళ్లలో ఫ్రిజ్ పైనో, దేవుడి గూటి పక్కనో ఉండే మాత్రల డబ్బా చరిత్ర రాస్తున్నాం. దానికీ ఒక చరిత్ర ఉందా అని నవ్వకండి. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, విటమిన్ డి, బీ 12... ఇవి ఎందుకు వేసుకోవాలో డాక్టరు చెప్పి పంపుతున్నారు. ఎప్పుడు వేసుకోవాలన్న దగ్గరే మనం ఎవరికి తోచినట్టు వాళ్లం చేస్తున్నాం. పొద్దున కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని నాలుగు మాత్రలూ ఒక్క గుక్కలో మింగేసి, ఈ రోజుకు అయిపోయింది అనుకునే పద్ధతి మనలో చాలామందికి అలవాటే.

ఈ "ఎప్పుడు" అన్న ప్రశ్న మాత్రల కంటే చాలా పాతది. మన పెద్దలకు దీనికి జవాబు ఉండేది. ఆ జవాబు మధ్యలో ఎక్కడ జారిపోయిందో, దానివల్ల ఇవాళ ఎవరు నష్టపోతున్నారో చెప్పడానికే ఈ వ్యాసం.

వాగ్భటుడి పది వేళలు

సుమారు 7వ శతాబ్దానికి చెందిన వాగ్భటుడి అష్టాంగ హృదయంలో, సూత్రస్థానం 13వ అధ్యాయంలో, మందు వేసుకునే వేళలు పది చెప్పి ఉన్నాయి. అంతకు ముందే చరకుడు, సుశ్రుతుడు కూడా పదేసి వేళలు చెప్పారు. పేర్లలో కొంచెం తేడాలున్నా లెక్క ఒక్కటే. వాగ్భటుడి పది వేళలూ మన మాటల్లో ఇవి: ఏమీ తినకుండా పరగడుపున, అన్నానికి ముందు, అన్నం నడుమ, అన్నం తిన్నాక, ముద్దకూ ముద్దకూ మధ్య, ముద్ద ముద్దలోనూ కలిపి, మాటిమాటికీ కొంచెం కొంచెంగా, వంటకంలో కలిపి, అన్నానికి ముందూ వెనకా రెండుసార్లు, చివరిది రాత్రి పడుకునే ముందు.

ఒకసారి ఈ జాబితాను మళ్లీ చూడండి. ఇందులో గంటలు లేవు. రాత్రి వేళ, మాటిమాటికీ అన్నవి తప్పిస్తే మిగిలిన వేళలన్నీ అన్నాన్ని బట్టి పెట్టినవే. గడియారం లేని ఇంట్లో కూడా అన్నం వేళ ఉంటుంది కదా! పైగా మందు ఒంటికి పట్టడం కడుపులో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుందని వాళ్లు గమనించారు. ఏ వేళ ఎవరికి అన్నదీ చెప్పారు. పరగడుపు మందు బలంగా ఉన్న రోగికి. మాటిమాటికీ ఇచ్చేది వాంతులు, ఎక్కిళ్లు, దప్పిక, ఆయాసం, దగ్గు లాంటి వాటికి. రాత్రి మందు మెడ పైభాగంలో వచ్చే జబ్బులకు. తర్వాతి కాలంలో శార్ఙ్గధరుడు ఈ పదింటినీ అయిదుకు కుదించాడు: పొద్దు పొడిచేటప్పుడు, పగటి భోజనం వేళ, సాయంత్రపు భోజనం వేళ, మాటిమాటికీ, రాత్రి.

ఇదంతా పండితుల గొడవ, మనకెందుకు అనుకుంటారేమో. మన అవ్వలు ఈ పుస్తకాలేవీ చదవలేదు కానీ వాళ్ల వంటింట్లో ఈ వేళలన్నీ నడిచేవి. బాలింతకు కాయం ఉండ పెట్టేది పరగడుపున. శొంఠిపొడి, నెయ్యి కలిపి పెట్టేది మొదటి ముద్దలో. ఇంగువాష్టక చూర్ణాన్ని కూడా పాత గ్రంథాలు నేతితో మొదటి ముద్దలోనే తినమన్నాయి. వాము నమిలేది భోజనమయ్యాక. దగ్గుకు మిరియాల పాలు ఇచ్చేది రాత్రి పక్క ఎక్కే ముందు. గొంతు మెడ పైభాగమే కదా, వాగ్భటుడు చెప్పిన రాత్రి వేళే అది. మన ముత్తాతలు సీమ వదిలి వచ్చేటప్పుడు పొలాల పత్రాలు తెచ్చుకున్నారో లేదో గానీ, ఈ వేళలను మాత్రం ఇల్లాళ్లు కొంగున కట్టుకుని తెచ్చారు. "పరగడుపు" అన్న మాట తెలుగు చదవడం రాని మన పిల్లలకు కూడా ఇంకా తెలుసు.

చీటీ మీది రెండక్షరాలు

ఇంగ్లీషు వైద్యం వచ్చాక చీటీల మీద రెండేసి అక్షరాలు వచ్చాయి. ఏ.సీ. అని రాస్తే భోజనానికి ముందు. పీ.సీ. అంటే భోజనం తర్వాత. హెచ్.ఎస్. అంటే పడుకునే వేళ. బీ.డీ. రోజుకు రెండుసార్లు, టీ.డీ.ఎస్. మూడుసార్లు. ఇవి లాటిన్ మాటలకు పొడి అక్షరాలు. అన్నాదౌ, అంతే, నిశి అని వాగ్భటుడు సంస్కృతంలో చెప్పిన మూడు వేళలే లాటిన్‌లో మళ్లీ కనిపిస్తాయి. రెండు వైద్యాలకు చాలా విషయాల్లో పొంతన కుదరదు, మందు వేళ దగ్గర మాత్రం రెండూ అన్నం కంచం పక్కనే కూర్చున్నాయి.

ఇవాళ మందుల కొట్టువాళ్లు కవరు మీద మన మన రాష్ట్రాల భాషల్లో రాసి ఇస్తారు. తమిళనాడులో "సాప్పాట్టుక్కు మున్", కర్ణాటకలో "ఊటక్కె మొదలు", మహారాష్ట్రలో "జేవణాఆధీ", ఒడిశాలో "ఖాఇబా ఆగరు". నాలుగు భాషల్లోనూ అర్థం ఒక్కటే, అన్నానికి ముందు. ఇంటి భాష తెలుగు, బడి భాష వేరు అయిన మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. చీటీ చదవగలిగిన మనవడు పనికి పోతాడు. మాత్ర వేసుకోవాల్సిన అవ్వకు ఆ లిపి రాదు, తెలుగు లిపీ రాదు. ఆమెకు గుర్తుండేది ఎర్ర మాత్ర, తెల్ల మాత్ర అని మాత్రమే.

అన్నంలో ఉన్నది మాత్రలోకి ఎలా వచ్చింది

ఇక్కడ కథ కూనూరుకు వెళ్లాలి. మనలో చాలామందికి అది నీలగిరి రైలులో పిల్లలను తిప్పుకొచ్చే ఊరు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో బెరిబెరి జబ్బు మీద ఒక పరిశోధన మొదలుపెట్టాడు. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, చివరికి గుండె ఆగిపోయే జబ్బు అది. ఈ దేశంలో అది ఎక్కువగా కనిపించింది ఉత్తర సర్కారుల్లో, అంటే మన తెలుగు కోస్తాలో. దక్షిణాన తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లు ఉడికించి ఎండబెట్టి దంచడం వల్ల తవుడులోని సత్తువ గింజ లోపలికి పోయి నిలుస్తుంది. సర్కారు జిల్లాల్లో పచ్చిబియ్యం మరలో తెల్లగా పట్టించి, బాగా కడిగి, గంజి వార్చి తినడం పెరిగింది. తవుడుతో కొంత, గంజితో కొంత సత్తువ పోయేది. ఆ సత్తువనే తర్వాత థయమిన్, విటమిన్ బీ 1 అన్నారు. విటమిన్ అన్న మాటకు మూలమైన పేరును 1912లో కాసిమిర్ ఫంక్ పెట్టాడు.

కూనూరులో ఆ చిన్న పరిశోధనే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. 1958లో హైదరాబాదుకు తరలింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తెలుగువాళ్ల జబ్బును వెతుకుతూ తమిళనాడు కొండ మీద పుట్టిన సంస్థ, నలభై ఏళ్లకు తెలుగువాళ్ల నగరానికి చేరింది.

రెండో దారి బొంబాయి నుంచి వచ్చింది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనతను వెతకడానికి బొంబాయి వచ్చింది. పేద ఇళ్లలో, బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లలో ఆ జబ్బు ఎక్కువ. మన నేత కుటుంబాలు పొట్ట చేతపట్టుకుని వెళ్లింది ఆ మిల్లులకే. వాళ్ల సంతానం ఇవాళ కూడా మన అన్నదమ్ముల సంఘాలుగా ముంబైలోనూ, భివండీలోనూ ఉన్నారు. విల్స్ కొంతకాలం కూనూరులో కూడా పనిచేసింది. మందులేవీ పనిచేయని ఆ రక్తహీనత, ఈస్ట్ నుంచి తీసే మార్మైట్ అనే చవకైన ముద్ద తినిపిస్తే తగ్గుతోందని 1931 నాటికి ఆమె ప్రపంచానికి చెప్పింది. అందులో ఉన్న పదార్థమేమిటో అప్పటికి తెలియదు. విల్స్ కారకం అన్నారు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి దాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

మూడో దారి భీమవరం నుంచి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో అక్కడ పుట్టారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టని జబ్బు అది. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్లారు. 1940లో లెడర్లే సంస్థలో చేరారు. ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు అదే ఫోలిక్ ఆమ్లం మందుగా నిలిచింది. ఆయన 1948లో, 53 ఏళ్లకే పోయారు.

మూడు దారులూ కలిసి వచ్చిన చోటు మన ఇంటి ఎర్ర మాత్ర. 1970లో భారత ప్రభుత్వం రక్తహీనత నివారణ కార్యక్రమం మొదలుపెట్టి గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపిన మాత్ర ఉచితంగా ఇవ్వసాగింది. 2018 నాటి అనీమియా ముక్త్ భారత్ లెక్కలో గర్భిణికి 180 రోజుల పాటు రోజూ ఒక మాత్ర. ఒక్కో దానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. బడి పిల్లలకు వారానికి ఒకటి.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. తిండి చాలకపోవడం, కడుపులో పురుగులు, వెంటవెంటనే కాన్పులు, మాత్ర పడక మానేయడం. ఆ కారణాల్లో ఒకటి మాత్రం పైసా ఖర్చు లేకుండా మన చేతుల్లో సరిదిద్దుకోగలిగింది. అదే వేళ.

మధ్యలో వచ్చిన కాఫీ

శార్ఙ్గధరుడు చెప్పిన మొదటి వేళ పొద్దు పొడిచే వేళ. గత వందేళ్లలో మన దక్షిణాది ఇళ్లలో ఆ వేళను కాఫీ ఆక్రమించింది. ఒడిశా, మహారాష్ట్ర వైపు టీ. మన తాతల తాతలకు ఈ రెండూ లేవు. అందుకని "కాఫీతో మందు వేసుకోవద్దు" అని ఏ అవ్వా చెప్పి ఉండదు. పాత సామెతల్లోనూ ఆ జాగ్రత్త దొరకదు. పాత వేళలు మనకు వారసత్వంగా వచ్చాయి గానీ, వాటి మధ్యలోకి కొత్తగా వచ్చిన గ్లాసు గురించి చెప్పేవాళ్లు లేకపోయారు.

ఆ గ్లాసు ఏం చేస్తుందో కొలిచి చూశారు. 1983లో అమెరికా పరిశోధకులు అచ్చయిన ఒక పరీక్షలో, భోజనంతో పాటు ఒక కప్పు కాఫీ తాగితే ఆ భోజనంలోని ఇనుము ఒంటికి పట్టడం 39 శాతం తగ్గింది. టీ తాగితే 64 శాతం తగ్గింది. తిన్న గంటకు తాగినా కాఫీ దెబ్బ అంతే. తినడానికి గంట ముందు తాగితే మాత్రం నష్టం కనిపించలేదు. కాఫీలో, టీలో ఉండే వగరు పదార్థాలు కడుపులోనే ఇనుమును పట్టుకుని లోపలికి పోనివ్వవు. మనది పాలు పోసిన కాఫీ. పాలలోని కాల్షియం కూడా ఇనుముకు అడ్డే.

ఎర్ర మాత్రను పొద్దున కాఫీతో మింగే కోడలు పిల్ల మాత్ర మానలేదు. ఆశా కార్యకర్త అడిగితే వేసుకున్నానని చెబుతుంది. అది అబద్ధం కాదు. ఇచ్చినన్నాళ్లూ వేసుకుంటుంది. రక్తం మాత్రం అనుకున్నంత పెరగదు. అప్పుడు "ఈ సర్కారు మాత్రలు పనికిరావు" అంటారు ఇంట్లో. బొంబాయి, కూనూరు, భీమవరం తిరిగి వందేళ్ల పరిశోధనతో ఇంటికొచ్చిన మాత్ర గడప దాటి లోపలికి వచ్చాక కాఫీ గ్లాసు దగ్గర ఓడిపోతోంది.

ఇవాళ్టి వేళలు

డాక్టర్లు, పరిశోధకులు ఇవాళ చెబుతున్నవాటిని పొద్దు నుంచి రాత్రి దాకా వరసలో పెట్టుకుందాం.

పరగడుపున: థైరాయిడ్ మాత్ర ఉన్నవాళ్లకు మొదటి వేళ దానిదే. మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగి, ఆ తర్వాతే కాఫీ, టిఫిను. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఐరన్: ఖాళీ కడుపున, మంచినీళ్లతోనో నిమ్మకాయ నీళ్లతోనో బాగా పడుతుంది. పులుపులోని విటమిన్ సీ ఇనుముకు తోడు. పొద్దున వేసుకున్నది మధ్యాహ్నం కంటే బాగా పడుతుందని ఈమధ్య పరీక్షల్లో తేలింది. వికారం వచ్చేవాళ్లు మానేయకుండా, తిన్న తర్వాత రెండు గంటలకు వేసుకోవచ్చు. కాఫీ, టీ, పాలు, పెరుగు దగ్గర్లో ఉండకూడదు. జ్యూరిక్ పరిశోధకులు 2017లో ఇంకో సంగతి చూపించారు. ఒక మాత్ర వేసుకున్నాక హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, మరునాటి మాత్రను ఒళ్లు సరిగ్గా తీసుకోదు. ఇనుము తక్కువైన ఆడవాళ్లలో రోజు విడిచి రోజు వేసుకున్నది ఎక్కువ శాతం పట్టింది. ఇది చదివి గర్భిణులు సొంతంగా రోజులు మానేయకూడదు. వాళ్లకు సర్కారు లెక్క రోజూ ఒకటి. మిగతావాళ్లు కూడా డాక్టరును అడిగే మార్చుకోవాలి.

భోజనంతో: కాల్షియం కార్బొనేట్ మాత్ర అన్నంతో పాటే. కడుపులో ఊరే ఆమ్లం ఉంటేనే అది కరుగుతుంది. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించి వేసుకున్నా లాభం తక్కువ, అందుకే రెండు పూటలకు పంచుతారు. ఐరన్‌కూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం. గర్భిణులకు రెండు మాత్రలూ కలిపి ఇవ్వొద్దని 2014 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా చెప్పాయి. విటమిన్ ఏ, డీ, ఈ, కే నూనెలో కరిగే రకాలు. వట్టి కడుపున నీళ్లతో మింగితే తక్కువగా పడతాయి. నెయ్యి, పప్పు, కూర ఉన్న పెద్ద భోజనంతో వేసుకోవాలి. నేతితో మొదటి ముద్దలో పొడి కలిపి పెట్టిన అవ్వకు ఈ మాట కొత్తగా ఉండదు.

బీ రకం విటమిన్లు నీళ్లలో కరుగుతాయి, ఏ పూటైనా ఫర్వాలేదు. కడుపులో తిప్పేవాళ్లు తిన్నాక వేసుకుంటే సరి.

రాత్రి: ఐరన్‌కు పొద్దున చోటు దొరకని ఇంట్లో, భోజనమైన రెండు మూడు గంటలకు, పడుకునే ముందు ఆ మాత్రకు చోటు చేసుకోవచ్చు. పక్కన పాల గ్లాసు మాత్రం ఉండకూడదు.

బీపీకి, షుగరుకు, గుండెకు మందులు వాడుతున్నవాళ్లు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు డబ్బాలో ఉన్నవన్నీ ఒకసారి డాక్టరు ముందు పరిచి వేళలు రాయించుకోండి. మనం రాసింది అడగడానికి పనికొస్తుంది, డాక్టరు మాటకు బదులు కాదు.

సంఘంగా మనం చేయగలిగింది

ఆరోగ్య శిబిరాలు పెడుతున్నాం, మాత్రలు పంచుతున్నాం. వాటితో పాటు వేళ కూడా పంచాలి. లిపి రాని వాళ్ల కోసం కవరు మీద బొమ్మ వేస్తే చాలు. పొడిచే పొద్దు, అన్నం కంచం, చందమామ. ఐరన్ కవరు మీద కాఫీ గ్లాసు వేసి దానిపై అడ్డగీత. ఈ నాలుగు బొమ్మలు కోయంబత్తూరు వాళ్లకూ, బళ్లారి వాళ్లకూ, బరంపురం వాళ్లకూ, షోలాపూరు వాళ్లకూ, యానాం వాళ్లకూ ఒకేలా అర్థమవుతాయి. వచ్చే శిబిరానికి ఈ పద్ధతి పెట్టుకుందామని సభ్యుల ముందు ప్రతిపాదిస్తున్నాం.

ఇంకో మనవి. మన ఇళ్లలో ఎనభై దాటిన అవ్వలు, పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. ఏ పొడి ఏ వేళ పెట్టేవారో, దేనితో కలిపి పెట్టేవారో, ఎన్నాళ్లు పత్యం ఉంచేవారో వాళ్లను అడిగి రాసుకోండి. వాళ్ల మాటలోనే, వాళ్ల యాసలోనే రాయండి. తెలుగు రాయడం రాకపోతే తమిళంలోనో కన్నడంలోనో రాసినా సరే, ఫోనులో మాట పట్టి పంపినా సరే. అన్నీ ఒకచోట చేర్చి సంఘం తరఫున దాచిపెడదాం. ఆ పొడుల్లో ఏవి నేటికీ పనికొస్తాయో వైద్యులు తేలుస్తారు. వేళలు మాత్రం వాళ్లతో పాటే పోకుండా చూసుకోవడం మన పని.